తలుపు లేని చాంబర్

గుంటూరు, చిలకలూరిపేట రోడ్డులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో నా ఉద్యోగం. మెషిన్ రూము నా చేతికింద ఉంటుంది. ముప్పై ఏళ్ళు దాటింది. రైతులు మమ్మల్ని ఏసీ అంటారు. "కాయ ఏసీలో పెట్టాం, ధర వచ్చాక తీద్దాం" అంటే మా దగ్గర పెట్టారని అర్థం. బయట మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ కాస్తుంటే లోపల చాంబర్లలో ఆరేడు డిగ్రీలు నిలబెట్టాలి. అది పెరిగి నాలుగు రోజులు అలాగే ఉంటే కాయ ఎరుపు దిగుతుంది. రంగు దిగిన కాయకు యార్డులో ధర పలకదు. అప్పు చేసి పండించిన రైతు, ఆర్నెల్లు ఆగి, చివరికి వెలిసిపోయిన టిక్కీల (మిర్చి బస్తాల) ముందు మాటలేకుండా నిలబడటం నేను చూశాను. అందుకే మీటరు ముల్లు కదిలితే నాకు నిద్ర పట్టదు.

మా పనిలో మొదటి పాఠం తలుపు. కంప్రెసర్ ఎంత బాగా తిరిగినా, లారీ వచ్చిందని హమాలీలు తలుపు బార్లా తెరిచి పెడితే గంట కష్టం పది నిమిషాల్లో బయటికి పోతుంది. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ నేను చెప్పే మాట అదే. చలిని తయారు చేయడం కంటే కాపాడటం కష్టం.

మా అమ్మాయి, అల్లుడు ఓస్లోలో ఉంటారు. మనవడు పుట్టాక మా ఆవిడా నేనూ మొదటిసారి వెళ్దామని 2025 జూలైకి సెలవు పెట్టాను. టిక్కెట్లు తీసేముందు అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, ఇన్నాళ్ళూ నువ్వు చలి తయారు చేశావు. ఒకసారి అది పుట్టే చోటు చూద్దువుగాని. మనిద్దరం స్వాల్‌బార్డ్ వెళ్దాం" అంది. పేరు నోరు తిరగలేదు. మ్యాపులో వెతికి చూపించింది. నార్వేకి కూడా ఎంతో ఉత్తరాన, సముద్రంలో ఒక దీవుల గుంపు. అక్కడి ముఖ్యమైన ఊరు లాంగియర్‌బియెన్ 78 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మన గుంటూరు 16 మీద. ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు వేసుకుంటే కేవలం ఉత్తరానికే దాదాపు 6,900 కిలోమీటర్లు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని వీసా సంగతి చెబుతాను. 1920లో పారిస్‌లో జరిగిన ఒప్పందం ప్రకారం ఆ దీవులు నార్వేవి, కానీ షెంగెన్ లోపలికి, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులోకి, రావు. ఆ ఒప్పందంలో మన దేశమూ ఉంది. స్వాల్‌బార్డ్‌కి విడిగా వీసా అక్కర్లేదు. అయితే విమానం ఎక్కేది ఓస్లోలోనే కాబట్టి షెంగెన్ వీసా తప్పదు. స్వాల్‌బార్డ్ వెళ్తే షెంగెన్ దాటినట్టు లెక్క, తిరిగొస్తే రెండోసారి ప్రవేశించినట్టు. మాకు ఫారాలు నింపిన ఏజెంటు ఒకసారి ప్రవేశానికే పెట్టాడు. అమ్మాయి కాగితాలు చూసి పట్టుకోకపోతే నేను అక్కడే చిక్కుకునేవాణ్ణి. రెండు మూడు రోజులు చాలా టెన్షన్ పడ్డాం. రెండుసార్లు ప్రవేశానికి వీసా ఉందో లేదో మీ కళ్ళతో మీరు చూసుకోండి.

మోకాళ్ళ సంగతి కూడా ఆలోచించాను. ఏప్రిల్ నుంచి వారానికి రెండు రోజులు తెల్లవారుజామున ఐదింటికి బండి మీద కొండవీడు వెళ్ళి ఘాట్ రోడ్డు నడిచాను. ఎండెక్కే లోపు దిగిపోవాలి. మంగళగిరి మెట్లు కూడా ఎక్కాను. బట్టల దగ్గర మాత్రం అమ్మాయి కచ్చితంగా చెప్పింది: పత్తి బట్ట ఒక్కటీ వద్దు, ఒంటికి తగిలేది ఉన్నిదే కావాలి. పత్తి పండే జిల్లా వాణ్ణి, ఆ మాట మొదట మింగుడు పడలేదు. తర్వాత నా పని గుర్తొచ్చి అర్థమైంది. మా ప్లాంటులో కండెన్సర్ పైపుల మీద నీళ్ళు చల్లేది ఎందుకు? ఆ నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. చెమటతో తడిసిన పత్తి చొక్కా మనిషి ఒంటికి చేసేదీ అదే.

మా ఆవిడ మనవడితో ఓస్లోలో ఉండిపోయింది. మూడు గంటల ప్రయాణం తర్వాత విమానం దిగుతుంటే కిటికీలోంచి మంచు కొండలు, మధ్యలో గోధుమరంగు లోయలు కనిపించాయి. మెట్లు దిగి మొదటి గాలి పీల్చగానే నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ చలి నాకు తెలుసు! మా మూడో చాంబర్ తలుపు తీసి లోపలికి అడుగుపెడితే మొహానికి తగిలే చలి అది. విమానాశ్రయం బోర్డు మీద 7 డిగ్రీలు. జూలైలో అక్కడ సగటు వేడి అంతే ఉంటుందట. అక్కడి మనుషులకు అది మంచి ఎండాకాలం. నాకు మాత్రం ముప్పై ఏళ్ళుగా నాలుగు గోడల మధ్య కరెంటు పోసి నిలబెడుతున్న చలి ఆకాశం కింద, గోడ లేకుండా, తలుపు లేకుండా, ఊరంతా పరుచుకుని ఉంది. అమ్మాయి "ఏమైంది నాన్నా, చలేస్తోందా?" అంటే ఏం చెప్పాలో తెలియక తల అడ్డంగా ఊపాను.

లాంగియర్ అనే అమెరికా ఆసామి 1906లో బొగ్గు తవ్వడానికి వేసిన ఊరు అది. బియెన్ అంటే ఊరని. మన పేటలు, పాలేలు ఎవరి పేరు మీద వెలిశాయో అలాగే. జనం రెండున్నర వేలు. నార్వేవాళ్ళు అక్కడ నడిపిన చివరి బొగ్గు గనిని మేం వెళ్ళడానికి ముందు నెలలోనే, జూన్ ఆఖరున మూసేశారు. ఇళ్ళు చాలావరకు స్తంభాల మీద నిలబెట్టి ఉంటాయి. నేల లోపల ఏడాదంతా గడ్డకట్టే ఉంటుంది. ఇంటి వేడి తగిలితే అది కరిగి ఇల్లు కుంగుతుంది, అందుకని కింద గాలి ఆడేలా ఎత్తుగా కడతారు. కోల్డ్ స్టోరేజీ కట్టేటప్పుడు కింది నేల గడ్డకట్టకుండా మేం జాగ్రత్త పడతాం, వాళ్ళు గడ్డకట్టింది కరగకుండా జాగ్రత్త పడతారు.

హోటల్లోకి వెళ్ళగానే గుమ్మం దగ్గర చెప్పులు, బూట్లు విప్పమన్నారు. గని కూలీలు బొగ్గు మసితో వచ్చే రోజుల నుంచి ఉన్న అలవాటట. సాక్సులతో ఆ చెక్క నేల మీద నడుస్తుంటే పరాయి చోట ఉన్నట్టే అనిపించలేదు.

ఆ రాత్రి నేను పడుకోలేదు. అసలు రాత్రే లేదు. ఏప్రిల్ 20 ప్రాంతం నుంచి ఆగస్టు మూడో వారం దాటేదాకా అక్కడ సూర్యుడు అస్తమించడు. పన్నెండు గంటలకు ఒక్కణ్ణే బయటికి వచ్చి నిలబడ్డాను. సూర్యుడు ఉత్తరాన, కొండ అంచుకు మూరెడు ఎత్తులో ఉన్నాడు. మన దగ్గర తూర్పున లేచి నెత్తి మీదుగా పడమరకు పోతాడు కదా, అక్కడ గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు ఆకాశం చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. ఇంత ఎండ ఇరవై నాలుగు గంటలూ కాసినా చలి తగ్గకపోవడం నాకు పెద్ద వింత. మర్నాడు గైడ్ చెప్పింది: కిరణాలు ఏటవాలుగా వస్తాయి, వచ్చిన వెలుతురులో చాలా భాగాన్ని మంచు తిప్పికొడుతుంది. మా ప్లాంటు పైకప్పుకు ఏటా ఎండాకాలం ముందు తెల్ల రంగు కొట్టిస్తాం. ఇది అదే కదా అనుకున్నాను.

నడకకు మేం తొమ్మిది మందిమి. గైడ్ పాతికేళ్ళ పిల్ల, భుజాన రైఫిలు, నడుముకు సిగ్నల్ పిస్తోలు. ఊరు దాటితే ధ్రువపు ఎలుగుబంటి ఎక్కడైనా ఎదురుపడవచ్చు. ఊరి చివర ఎలుగుబంటి బొమ్మతో ఒక హెచ్చరిక బోర్డు ఉంది, ఇది స్వాల్‌బార్డ్ మొత్తానికీ వర్తిస్తుందని దాని మీద రాసి ఉంటుంది. తుపాకీ ఎందుకని ఎవరో అడిగితే ఆమె చెప్పిన జవాబు నాకు నచ్చింది. "ఇది వాడే అవసరం రానివ్వకపోవడమే నా పని. దూరం నుంచే చూసి పక్కకు తప్పుకోవాలి. వాళ్ళింటికి వచ్చింది మనం." ఆ జనవరి నుంచి కొత్త నిబంధన కూడా వచ్చింది, ఎలుగుబంటికి కనీసం 300 మీటర్ల దూరంలో ఉండాలి, మార్చి నుంచి జూన్ దాకా 500. మాకు ఎలుగుబంటి కనిపించలేదు. కనిపించలేదని నాకు బాధ కూడా లేదు.

ఊరి పైకొస నుంచి లాంగియర్ హిమానీనదం దాకా నడక. దారి అంటూ లేదు, అన్నీ రాళ్ళే. నదిలాగా కదిలే మంచు కొండల్ని గీరుకుంటూ తెచ్చి పోసిన రాళ్ళ గుట్టలవి. ఒకచోట రాయి జారితే కింద నల్లటి మంచు తళుక్కుమంది. అప్పటిదాకా నేల మీద నడుస్తున్నామనుకున్నాను, నడుస్తున్నది మంచు మీదే! అక్కడ బూట్లకు ఇనుప పళ్ళు కట్టించింది గైడ్. కాలు ఈడ్చకూడదు, ఎత్తి వేయాలి. పొలంలో బురదలో నడిచినట్టు, ఒక్కో అడుగూ కావాలని వేయాలి. మంచు పైన చిన్న చిన్న కాలువలు, నీళ్ళు గలగలా పారుతున్నాయి. చలికాలంలో ఆ కాలువలే ఖాళీ గుహలవుతాయట, అప్పుడు జనం వాటి లోపలికి దిగి చూస్తారట.

ఆ రాళ్ళలో గైడ్ వంగి ఒక పలక తీసి నా చేతిలో పెట్టింది. అరచేయంత ఉంది, పలుచన, బూడిదరంగు. దాని మీద ఆకు. బొమ్మ కాదు, ఆకే. నడిమి ఈనె, దాని నుంచి రెండు పక్కలా చీలిన పిల్ల ఈనెలు, అంచు దగ్గర ఒక పురుగు కొరికినట్టు చిన్న గాటు. రావి ఆకును పుస్తకంలో పెట్టి మర్చిపోతే కొన్నాళ్ళకు ఎలా ఉంటుందో అలా ఉంది. చుట్టూ ఎటు చూసినా ఒక్క చెట్టు లేదు. సుమారు 5, 6 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ వెచ్చగా, తేమగా ఉండేదట, అడవులుండేవట. ఆ అడవుల చెట్లే భూమిలో కూరుకుపోయి బొగ్గయ్యాయి, ఆ బొగ్గు కోసమే ఈ ఊరు వెలిసింది. ఆ పలకను చాలాసేపు పట్టుకున్నాను. వేలితో ఈనె మీద రాస్తే గరుగ్గా తగిలింది. తీసుకెళ్ళాలని ఎంతో అనిపించింది, కానీ ఎక్కడ తీసిందో అక్కడే పెట్టించాను.

ఇప్పుడు అక్కడ మేం చూసినంతలో చెట్టు అనదగింది ధ్రువపు విల్లో ఒక్కటే. అది నా చిటికెన వేలంత ఎత్తు కూడా లేదు. ఆకులు నేలకు అతుక్కుని ఉంటాయి. చూసుకోకుండా అడుగు వేస్తే చెట్టును తొక్కినట్టే. దిగేటప్పుడు బురద నేలలో ఒకచోట తెల్లటి దూదిపింజలు వందలకొద్దీ గాలికి ఊగుతున్నాయి. పత్తిగడ్డి అంటారట. దగ్గరికి వెళ్ళి ఒక పింజను వేళ్ళతో తాకాను. మెత్తదనం మన పత్తిదే, పోగు మాత్రం పొట్టిది, వడకడానికి రాదు. ఫోటో తీసి మా ఆవిడకు పంపిస్తే వెంటనే ఫోన్. "అదేంటండీ, అక్కడ కూడా పత్తి వేశారా? కాయ పగిలింది కదా, తీతకు మనుషులు దొరుకుతున్నారా?"

మధ్యాహ్నం ఒక బండ చాటున కూర్చున్నాం. ఎండబెట్టిన అన్నం ప్యాకెట్టులో వేడినీళ్ళు పోసి పది నిమిషాలు మూత పెట్టాలి, అంతే భోజనం. నేను సంచీలోంచి కారప్పొడి డబ్బా తీశాను. మా ప్లాంటులో పెట్టిన తేజ రకం మిర్చితోనే మా ఆవిడ కొట్టించింది. మూత తీసినా అక్కడ ఘాటు ముక్కుకు తగల్లేదు. మా చాంబర్లోనూ ఇంతే. చలిలో ఘాటు అణిగి ఉంటుంది, టిక్కీ ఎండలోకి రాగానే హమాలీలు తుమ్ముతారు. వేడి అన్నం మీద చల్లగానే లేచింది వాసన. గైడ్ కూడా కొంచెం వేసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ప్యాకెట్టు ఖాళీ చేసి, "రోజూ ఇదే తింటారా?" అని అడిగింది. డబ్బా ఆమెకే ఇచ్చేశాను.

సాయంత్రం టాక్సీలో, ప్రపంచ దేశాల పంట విత్తనాలను దాచిపెట్టే విత్తన భాండాగారం చూడ్డానికి వెళ్ళాం. నేను స్వాల్‌బార్డ్ రావడానికి ఒప్పుకున్నది సగం దీనికోసమే. విమానాశ్రయం పైన కొండలోంచి ఒక సన్నటి కాంక్రీటు ద్వారం పొడుచుకు వచ్చి ఉంటుంది, బయటికి కనిపించేది అంతే. లోపలికి ఎవర్నీ రానివ్వరు. నేను ఆ తలుపు ముందు నిలబడి ఇరవై నిమిషాలు చూశాను. 2008 ఫిబ్రవరిలో తెరిచారు. కొండలోకి వంద మీటర్లకు పైగా తొలిచి, చివర మూడు గదులు. లోపల కూలింగ్ ప్లాంటు మైనస్ 18 డిగ్రీలు ఉంచుతుంది. కరెంటు పోయి ప్లాంటు ఆగినా కొండ తనంతట తాను మైనస్ 3, 4 దగ్గర ఉంటుంది. అంటే జనరేటర్ లేకుండానే కొన్నాళ్ళు నడుస్తుంది. తేమ తీసిన విత్తనాలను రేకు కవర్లలో సీలు చేసి పెడతారు. కాయలో తేమ ఎక్కువుంటే మేం టిక్కీ లోపలికి రానివ్వం, ఆ నియమం అక్కడా అంతే కాకపోతే ఇంకా కఠినం. ప్రపంచంలో ఎక్కడైనా విత్తన బ్యాంకు పాడైతే ఇక్కడి నమూనాలు వెనక్కి ఇస్తారు. సిరియాలో యుద్ధం వల్ల అలెప్పో దగ్గరి బ్యాంకు పనిచేయకుండా పోతే 2015లో అలాగే ఇచ్చారు.

హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఉన్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కూడా తన విత్తనాలను ఇక్కడ దాచింది. జొన్న, సజ్జ, రాగి, కంది, శనగ, వేరుశనగ. మిరప విత్తనాలు కూడా లోపల ఉన్నాయి. ఆ మాట విన్నాక ఆ ద్వారం వైపు చేతులు జోడించాను. గుడి అని కాదు. మా అమ్మ సజ్జ, జొన్న విత్తనాల్ని వేపాకు కలిపి కుండలో పోసి, మూతికి బురద మెత్తి అటక మీద పెట్టేది. ఎలుక తాకకూడదు, చెమ్మ తగలకూడదు. ఆవిడ అటక ఇంత దూరం వచ్చిందనిపించింది.

అక్కడ ఒక సంగతి నా మనసులో ముల్లులా ఉండిపోయింది. 2016 అక్టోబరులో, గడ్డకట్టాల్సిన కాలంలో వాన పడి, మంచు కరిగి, ఆ నీళ్ళు సొరంగం మొదట్లోకి చేరాయి. విత్తనాలకేమీ కాలేదు, నీళ్ళు దారిలోనే గడ్డకట్టాయి. తర్వాత ప్రవేశ సొరంగాన్ని నీరు ఊరకుండా మళ్ళీ కట్టారు. ఎప్పటికీ కరగదనుకుని ఆ కొండను ఎంచుకున్నారు. తొమ్మిదేళ్ళు తిరగకముందే తలుపు దగ్గరికి నీళ్ళొచ్చాయి.

మర్నాడు పడవ. పొద్దున బయల్దేరి సాయంత్రం దాకా. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రాన్ని అక్కడ ఫ్యోర్డ్ అంటారు. లాంచీలో పాపికొండల మధ్య వెళ్ళినవాళ్ళకు ఆ తీరు తెలుసు: రెండు పక్కలా కొండలు, మధ్యలో నిశ్శబ్దంగా నీళ్ళు, ప్రతి మలుపులో కొత్త కొండ. కానీ పాపికొండలు పచ్చగా కప్పుకుని ఉంటాయి. ఇక్కడ కొండ ఒంటి మీద నూలుపోగు లేదు. పొరలు పొరలుగా, ఎవరో గీత గీసినట్టు, ఎముకల దాకా కనిపిస్తుంది. ఒక కొండ చరియ నిండా పక్షులు. పఫిన్ అని ఎర్రముక్కు పక్షి, ఒళ్ళు బరువు, రెక్కలు పొట్టి, నీళ్ళ మీద పరిగెత్తి పరిగెత్తి లేస్తుంది. రేవు దగ్గర ఇంకో పక్షి, ఆర్కిటిక్ టెర్న్, గూడు నేల మీదే పెడుతుంది, దగ్గరికి వెళ్తే నెత్తి మీద పొడుస్తుంది. అందుకని కర్ర ఒకటి తలకంటే ఎత్తుగా పట్టుకుని నడవాలి, అది ఎత్తైనదాన్నే పొడుస్తుంది. గుప్పెడంత పిట్ట, చలికాలానికి అంటార్కిటికా వైపు పోయి మళ్ళీ వస్తుంది, ఏడాదికి 70 వేల కిలోమీటర్లు దాటుతుందట. పిల్లల కోసం దాని ఆరాటం చూసి నేను దూరంగా తప్పుకున్నాను.

బిల్లెఫ్యోర్డ్ చివరికి వచ్చేసరికి చలి మారింది. గాలి వాసన కూడా మారింది. ఎదురుగా నోర్డెన్‌షెల్డ్ హిమానీనదం. మొదట కొండల మధ్య తెల్లటి రోడ్డులా కనిపించింది, దగ్గరికి వెళ్ళేకొద్దీ గోడయింది. నిలువునా పగుళ్ళు, పగుళ్ళ లోపల నీలం. చిన్నప్పుడు నిజాంపట్నం ఐసు ఫ్యాక్టరీలో రెండేళ్ళు పనిచేశాను. ఐసు దిమ్మ నడుమ తెల్లగా ఉంటుంది, ఎందుకంటే బయటి నుంచి గడ్డకడుతూ గాలినంతా మధ్యలోకి నెడుతుంది. ఈ మంచు వందల ఏళ్ళు తన బరువు కిందే నలిగింది. గాలి బుడగలు నొక్కుకుపోయి గట్టిపడింది, వెలుతురులోని ఎరుపును మింగేసి నీలాన్ని వదులుతుంది.

కెప్టెన్ ఇంజిన్ ఆపేశాడు. ఎవరూ మాట్లాడలేదు. ఉన్నట్టుండి గోడలోంచి ఒక ముక్క ఊడింది. నీళ్ళు పైకి లేవడం కనిపించింది గానీ చప్పుడు లేదు. మనసులో లెక్కపెట్టాను, ఒకటి, రెండు, మూడు, నాలుగు. అప్పుడు వచ్చింది, పిడుగు పడ్డట్టు. అంటే కిలోమీటరుకు పైగా దూరంలో ఉన్నాం, అయినా కాసేపటికి అల వచ్చి పడవను ఊపింది.

పడవ కుర్రాడు వలగరిటెతో నీళ్ళలోంచి ఒక మంచు ముక్క తీసి గిన్నెలో వేశాడు. గాజులా ఉంది, లోపల సూదిమొనంత బుడగలు. చెవి దగ్గర పెట్టుకోమన్నాడు. పెట్టుకున్నాను. చిటపట, చిటపట. వేడి నూనెలో ఆవాలు వేగినట్టు! నొక్కుకుని ఉన్న గాలి, మంచు కరుగుతుంటే ఒక్కో బుడగా పగిలి బయటికి వస్తోంది. ఆ గాలి ఆఖరిసారి బయట ఉన్నప్పుడు మా తాతల తాతలు కూడా పుట్టలేదు. చెయ్యి మొద్దుబారేదాకా చెవి దగ్గరే ఉంచుకున్నాను. అమ్మాయి "నాన్నా, ఇక చాలు, గ్లవ్స్ తొడుక్కో" అని లాక్కుంది.

అప్పుడే పడవ గైడ్ ఎడమ వైపు చూపించాడు. గోడ అక్కడ సముద్రాన్ని వదిలి గట్టు మీదికి వెనక్కి జరిగింది. మధ్యలో బోడి రాయి, కొత్తగా కడిగినట్టు నునుపుగా, నాచు కూడా పట్టలేదు. ఇదంతా మొన్నమొన్నటి దాకా మంచు కిందే ఉండేది అన్నాడు. స్వాల్‌బార్డ్ భూమి మీద చాలా చోట్ల కంటే ఎన్నో రెట్లు వేగంగా వేడెక్కుతోంది. సముద్రం మీద తేలే తెల్ల మంచు తగ్గిపోతే కింది నల్లటి నీళ్ళు ఎండను మింగుతాయి, ఆ వేడికి ఇంకాస్త మంచు పోతుంది. పైకప్పు మీద తెల్ల రంగు ఊడిపోయిన ప్లాంటు. 2020 జూలై 25న లాంగియర్‌బియెన్‌లో 21.7 డిగ్రీలు నమోదైంది. 2024 ఆగస్టు నెల సగటే 11 డిగ్రీలు. వింటున్న మిగతావాళ్ళకు 11 అంటే చలే. నాకు మాత్రం కడుపులో దిగాలుగా అయింది. మా చాంబర్ 11కి వస్తే నేను అర్ధరాత్రయినా ఓనరుకు ఫోన్ చేసి, మెకానిక్‌ను నిద్ర లేపి, తలుపులు మూయించి, గోడ గోడా తడిమి చూసుకుంటాను. ఆ పడవలో ఎవరికి ఫోన్ చేయాలి? ఇది అందరి సరుకూ పెట్టిన ఏసీ. గుంటూరు మిర్చి కూడా దీని మీదే ఆధారపడింది, మన వానలూ మన ఎండలూ దీనితో ముడిపడ్డవే. అది తెలిసి కూడా నేను డెక్కు మీద నిలబడి చూడటం తప్ప ఏం చేయలేకపోయాను. ఆ నిస్సహాయత మనసులోంచి ఇంకా పోలేదు.

తిరుగు దారిలో పిరమిడెన్ కనిపించింది. రష్యావాళ్ళ బొగ్గు ఊరు, 1998లో ఖాళీ చేసి వెళ్ళిపోయారు. మా పడవ అక్కడ ఆగదు. నీళ్ళ మీద నుంచే ఇటుక మేడలు, వరసల కిటికీలు చూశాం. ఒక మంచు పలక మీద గడ్డం సీల్ ఒకటి పడుకుని మమ్మల్ని చూసి, తల దించి మళ్ళీ కళ్ళు మూసుకుంది. అమ్మాయి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఇరవై ఏళ్ళయింది అది అలా పడుకుని.

ఆగస్టు మొదటి వారంలో గుంటూరు వచ్చాం. ముసురు పట్టి ఉంది. ఆ రాత్రే ప్లాంటుకు వెళ్ళాను. నైట్ షిఫ్ట్ ఆపరేటర్ కుర్రాడు స్టూలు జరిపి కూర్చోబెట్టి ఫోటోలన్నీ అడిగి చూశాడు. విత్తనాల తలుపు దగ్గర ఆగాడు.

"బాబాయ్, అక్కడ కరెంటు పోతే?"

"కొండే పట్టి ఉంచుతుందిరా. మైనస్ మూడు, నాలుగు."

వాడు కాసేపు ఏమీ అనలేదు. వేలితో ఫోటోలు జరుపుతూ హిమానీనదం పక్కన బోడి రాయి దగ్గరికి వచ్చాడు. పెద్దది చేసి చూశాడు.

"ఇదంతా ముందు మంచేనా?"

"మంచే."

బయట లారీ హారన్ మోగింది. మూడో చాంబర్‌కు సరుకు దింపుతున్నట్టున్నారు. వాడు ఫోను నా చేతిలో పెట్టి తలుపు చూడ్డానికి పరిగెత్తాడు. నేను లాగ్ బుక్ తీసి రాశాను: రాత్రి 11.40, మూడో చాంబర్ 6.8.